ద్రావణాల గాఢత, పలచన లెక్కలు: స్టాండర్డ్ ఫ్లాస్కు నుంచి ఇంటి సంపు దాకా

లీటరు నీళ్లు కొలిచి, అందులో 58.44 గ్రాముల ఉప్పు, అంటే ఒక మోల్ (అణువులను లెక్కపెట్టే ప్రమాణం), వేసి కలిపితే ఒక మోలార్ ద్రావణం తయారైందని చాలామంది అనుకుంటారు. కాదు. ఉప్పు కరిగాక మొత్తం సుమారు 1018 మి.లీ. అవుతుంది, గాఢత 0.98 మోలార్ దగ్గరే ఆగుతుంది. అదే పని పంచదారతో చేస్తే తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఒక మోల్ పంచదార అంటే 342.3 గ్రాములు. అది కరిగేసరికి లీటరు నీళ్లు కాస్తా లీటరూ రెండు వందల మి.లీ. దాటుతాయి, గాఢత 0.83కి పడిపోతుంది. మొలారిటీ నిర్వచనంలో ఉన్నది లీటరు ద్రావణం, లీటరు నీళ్లు కాదు. అందుకే ల్యాబులో నీళ్లు కొలిచి పోయరు, స్టాండర్డ్ ఫ్లాస్కు (సన్నని మెడ మీద కొలత గీత ఉన్న కుప్పె) తీసుకుని ఆ గీత దాకా నింపుతారు.

నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వచ్చి చెన్నైలో బీఎస్సీ, ఫార్మసీ, ఇంజినీరింగ్ మొదటి సంవత్సరంలో చేరినవాళ్లకీ, ఇక్కడే ప్లస్ టూ చదివే తెలుగు పిల్లలకీ ఈ లెక్కలు ఏడాదంతా వెంటపడతాయి. సూత్రాలు పది కనిపిస్తాయి గానీ అన్నిటి కిందా ఉన్న ప్రశ్న ఒక్కటే: లోపల ద్రావితం (కరిగిన పదార్థం) ఎంత ఉంది? నీళ్లు పోసినా, వేరే పాత్రలోకి మార్చినా, వేడెక్కినా ఆ మొత్తం మారిందా లేదా అని అడుగుతూ పోతే, ఏ సూత్రం వాడాలో, ఏ పాత్రను దేనితో కడగాలో కూడా దానంతట అదే తేలుతుంది.

ముందు మోల్స్, తర్వాతే సూత్రం

ద్రావితం గ్రాముల్లో ఇస్తే మోలార్ ద్రవ్యరాశితో భాగించి మోల్స్ చేయండి. ద్రావణం ఇస్తే మొలారిటీని లీటర్లతో గుణించి మోల్స్ చేయండి. ల్యాబులో అన్నీ మి.లీ.లే కాబట్టి ఇంకా తేలికైన అలవాటు ఒకటి ఉంది: మొలారిటీని మి.లీ.తో గుణిస్తే నేరుగా మిల్లీమోల్స్ వస్తాయి. 0.1 మోలార్ ద్రావణం 20 మి.లీ. అంటే 2 మిల్లీమోల్స్. వెయ్యితో గుణించడం, భాగించడం తప్పిపోతే సగం తప్పులు అక్కడే పోతాయి.

ప్రతి అంకె పక్కనా ప్రమాణం రాయండి. "25 × 0.1" అని రాస్తే అందులో తప్పు ఎక్కడుందో ఎవరికీ దొరకదు. "25 మి.లీ. × 0.1 మోలార్ = 2.5 మిల్లీమోల్స్" అని రాస్తే తప్పు ఉంటే ఆ వరుసలోనే బయటపడుతుంది.

ఏ గాఢత ఎక్కడ వాడతారు

మొలారిటీ అంటే లీటరు ద్రావణంలో ఎన్ని మోల్స్ అని. మొలాలిటీ అంటే కిలో ద్రావణికి (కరిగించుకునే ద్రవానికి) ఎన్ని మోల్స్ అని. ఇందులో ఘనపరిమాణం ఊసే లేదు కాబట్టి ఉష్ణోగ్రత మారినా అది మారదు. మరిగే ఉష్ణోగ్రత పెరుగుదల, ఘనీభవన ఉష్ణోగ్రత తగ్గుదల లెక్కల్లో మొలాలిటీనే వాడడానికి కారణం అదే. నార్మాలిటీ అంటే మొలారిటీని తుల్య సంఖ్యతో (ఆ చర్యలో ఒక్కో మోల్ ఇచ్చే లేదా తీసుకునే ప్రోటాన్ల, ఎలక్ట్రాన్ల సంఖ్యతో) గుణించినది. ఆ సంఖ్య పదార్థానిది కాదు, చర్యది. పర్మాంగనేటుకు ఆమ్ల యానకంలో 5, తటస్థ యానకంలో 3. అందుకే సీసా మీద "0.1 నార్మల్ పర్మాంగనేటు" అని మాత్రమే ఉంటే, ఏ చర్యకో తెలిసేదాకా అది సగం సమాచారమే.

శాతాల దగ్గరే అసలు తికమక. బరువు/బరువు అంటే 100 గ్రాముల ద్రావణంలో ఎన్ని గ్రాములు అని. బరువు/ఘనపరిమాణం అంటే 100 మి.లీ. ద్రావణంలో ఎన్ని గ్రాములు అని. ఆసుపత్రిలో ఎక్కించే 0.9 శాతం సెలైన్ రెండో రకం: లీటరుకు 9 గ్రాముల ఉప్పు, 9 ÷ 58.44 = 0.154 మోలార్. ల్యాబుకొచ్చే గాఢ ఆమ్లాల సీసాల మీద శాతం మొదటి రకం. ఈ రెంటినీ కలిపేస్తే ఏమవుతుందో కింద ఆమ్లం లెక్కలో చూపిస్తాం.

ఓఆర్ఎస్ పొట్లం మంచి అభ్యాసం. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరుకు 2.6 గ్రా. ఉప్పు, 1.5 గ్రా. పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రా. ట్రైసోడియం సిట్రేట్ డైహైడ్రేట్, 13.5 గ్రా. గ్లూకోజు. మొత్తం 20.5 గ్రా. సోడియం లీటరుకు 75 మిల్లీమోల్స్ అని రాసి ఉంటుంది. ఉప్పు ఒక్కటే లెక్కేస్తే 2600 ÷ 58.44 = 44.5 దగ్గరే ఆగిపోతాం. మిగతాది సిట్రేటులో ఉంది: 2900 ÷ 294.1 = 9.86 మిల్లీమోల్స్, ఒక్కోదానిలో మూడు సోడియంలు, అంటే 29.6. రెండూ కలిపితే 74.1, కాస్త సవరిస్తే 75. సంయోగపదార్థం గాఢత వేరు, దానిలోంచి వచ్చే అయాను గాఢత వేరు. ఇక అదే లీటరు పొట్లాన్ని ఒక గ్లాసులో, అంటే 200 మి.లీ.లో కలిపేస్తే అన్నీ అయిదు రెట్లవుతాయి. విరేచనాలతో ఉన్న పసిబిడ్డకు అది తాగిస్తే ప్రమాదం. పొట్లం మీద రాసిన నీటి కొలత కచ్చితంగా పాటించాల్సింది.

ఘనపదార్థం నుంచి ద్రావణం: ఆక్సాలిక్ ఆమ్లం

0.1 మోలార్ ఆక్సాలిక్ ఆమ్లం 250 మి.లీ. కావాలి. 250 × 0.1 = 25 మిల్లీమోల్స్, అంటే 0.025 మోల్. ఇప్పుడు సీసా లేబుల్ చూడాలి. మనకు దొరికేది రెండు నీటి అణువులున్న స్ఫటికం, మోలార్ ద్రవ్యరాశి 126.07. కావలసిన బరువు 3.152 గ్రా. స్ఫటిక జలం మరిచిపోయి 90.03తో లెక్కేస్తే 2.251 గ్రా. తూస్తారు, ద్రావణం 0.0714 మోలార్ అవుతుంది. తప్పు 28 శాతం పైమాటే. మైలుతుత్తంలోనూ (కాపర్ సల్ఫేటు) ఇదే ఉచ్చు: అయిదు నీళ్లతో 249.68, నిర్జలమైతే 159.61.

తూచే పని ఇలా సాగాలి. వెయింగ్ బాటిల్‌లో కొంచెం పదార్థం తీసుకుని బరువు చూడండి. దాన్ని బీకరులోకి ఒంపి, ఖాళీ బాటిల్‌ను మళ్లీ తూయండి. రెండింటి తేడాయే బీకరులో పడిన బరువు. బాటిల్ గోడలకు అంటుకున్నది ఈ పద్ధతిలో లెక్కలోకి రాదు. సరిగ్గా 3.152 పడాలని స్పాచులాతో రవ్వ రవ్వ తీస్తూ పెడుతూ కూర్చోవద్దు. 3.168 గ్రా. పడిందా, అదే రాసుకోండి. 3.168 ÷ 126.07 = 0.02513 మోల్, 0.25 లీటరుతో భాగిస్తే 0.1005 మోలార్. మిగతా ప్రయోగమంతా 0.1005తోనే చేయండి. అంకె గుండ్రంగా ఉండడం ముఖ్యం కాదు, ఎంత పడిందో తెలియడం ముఖ్యం.

బీకరులో వంద మి.లీ. దాకా డిస్టిల్డ్ వాటర్ పోసి పూర్తిగా కరిగించండి. ఫనల్ పెట్టి స్టాండర్డ్ ఫ్లాస్కులోకి పోయండి. బీకరును, గాజు కడ్డీని, ఫనల్‌ను వాష్ బాటిల్‌తో మూడుసార్లు కడిగి ఆ నీళ్లన్నీ ఫ్లాస్కులోకే చేర్చండి. సగానికి పైగా నింపి గుండ్రంగా తిప్పండి. గీతకు సెంటీమీటరు కింద దాకా నీళ్లు పోసి, ఆ తర్వాత డ్రాపరుతో చుక్క చుక్కగా వేయండి. ఫ్లాస్కు బల్ల మీదే ఉండాలి, కన్ను గీత ఎత్తుకు వంచాలి. నెలవంక (మెడలో వంపు తిరిగిన ద్రవం పై మట్టం) అడుగు భాగం గీతను తాకాలి. పర్మాంగనేటు లాంటి ముదురు రంగు ద్రావణాల్లో అడుగు కనబడదు కాబట్టి పై అంచు చూస్తారు.

గీత దాటిపోతే? పైనుంచి కాస్త తీసేయాలనిపిస్తుంది. తీయకండి. తీసిన చుక్కల్లో ద్రావితం కూడా పోతుంది, ఫ్లాస్కులో ఎంత మిగిలిందో ఇక తెలియదు. పారబోసి మళ్లీ చేయడమే.

చివరగా మూత బిగించి ఫ్లాస్కును పదిహేను ఇరవైసార్లు తలకిందులు చేయండి, ప్రతిసారీ గాలిబుడగ అడుగు దాకా చేరనివ్వండి. ఈ పని చాలామంది రెండుసార్లతో సరిపెడతారు. సన్నని మెడలో ఉన్న నీళ్లు కిందికి దిగి కలవవు, మొదటి పిపెట్టుకు (ద్రావణం కొలిచి తీసే గాజు గొట్టం) ఒక గాఢత, చివరి పిపెట్టుకు ఒక గాఢత వస్తుంది. టైట్రేషన్ (తెలిసిన గాఢత ఉన్న ద్రావణంతో చర్య జరిపి తెలియని గాఢత కనుక్కోవడం) రీడింగులు పొంతన లేకుండా వస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే.

ఏ పాత్రను దేనితో కడగాలో బట్టీ పట్టనక్కర్లేదు. స్టాండర్డ్ ఫ్లాస్కు నీళ్లతో తడిగా ఉన్నా ఫర్వాలేదు, ఎలాగూ నీళ్లే పోస్తాం. అదే ద్రావణంతో కడిగితే మాత్రం లెక్కలో లేని ద్రావితం లోపలికి చేరుతుంది. బ్యూరెట్, పిపెట్లలో నీళ్లు మిగిలితే ద్రావణం పలచబడుతుంది, అందుకే వాటిని ఆఖరున పోయబోయే ద్రావణంతోనే కడగాలి. శంఖాకార కుప్పెలోకి పిపెట్టుతో కొలిచిన మోల్స్ చేరిపోయాక ఎన్ని నీళ్లున్నా ఆ మోల్స్ మారవు, కనుక దాన్ని నీళ్లతో కడిగితే చాలు.

సోడియం హైడ్రాక్సైడ్, చెన్నై ఉక్కపోత

0.1 మోలార్ 250 మి.లీ.కి లెక్క ప్రకారం 1.00 గ్రా. చాలు. కానీ ఈ బిళ్లలు గాలిలోని తేమను లాగేసుకుంటాయి, కార్బన్ డయాక్సైడును పీల్చి కొంత కార్బొనేటుగా మారతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో చెన్నైలో సీసా మూత తీసిన కొద్ది నిమిషాలకే బిళ్లలు జిగటగా మెరుస్తాయి. తూచిన గ్రాములో అయిదు శాతం నీరుంటే ద్రావణం 0.095 మోలార్ అవుతుంది, త్రాసు ఎంత మంచిదైనా సరే. పైగా ఒక్కో బిళ్ల బరువే గ్రాములో పదో వంతు, అంతకు మించి ఉంటుంది. సరిగ్గా 1.000 గ్రా. తూచడం కుదరదు.

అందుకని తూచిన బరువును నమ్మి దీన్ని ప్రమాణ ద్రావణంగా (గాఢత కచ్చితంగా తెలిసినదిగా) ఎప్పుడూ లెక్కించకూడదు. వాచ్ గ్లాసు మీదో చిన్న బీకరులోనో 1.1 గ్రా. దాకా గబగబా తూచి (కాగితం మీద వద్దు, అంటుకుపోతుంది), కరిగించి, చల్లారనిచ్చి, 250 మి.లీ.కి నింపి, ఆక్సాలిక్ ఆమ్లంతో దాని అసలు గాఢత కనుక్కోవాలి. కరిగేటప్పుడు బాగా వేడెక్కుతుంది, వేడిగా ఉండగానే గీత దాకా నింపితే చల్లారాక మట్టం కిందికి దిగుతుంది. నిల్వకు ప్లాస్టిక్ సీసా వాడండి. గాజు బిరడా కొన్ని రోజులకు బిగుసుకుపోతుంది.

సీసాలోని గాఢ ఆమ్లం

హైడ్రోక్లోరిక్ ఆమ్లం లేబుల్ మీద 36 శాతం, సాంద్రత 1.18 అని ఉందనుకుందాం. మొలారిటీ రాసి ఉండదు, మనమే కట్టాలి.

లీటరు ఆమ్లం బరువు 1180 గ్రా. అందులో 36 శాతం అసలు హైడ్రోజన్ క్లోరైడ్: 424.8 గ్రా. 36.46తో భాగిస్తే 11.65 మోలార్. మనకు 0.5 మోలార్ 500 మి.లీ. కావాలి, అంటే 250 మిల్లీమోల్స్. 250 ÷ 11.65 = 21.5 మి.లీ.

సాంద్రత పట్టించుకోకుండా 36 శాతాన్ని లీటరుకు 360 గ్రా. అనుకుంటే 9.87 మోలార్ అని వస్తుంది, 25.3 మి.లీ. తీస్తారు, చివరికి ద్రావణం 0.59 మోలార్ అవుతుంది. తప్పు సరిగ్గా 18 శాతం, అంటే సాంద్రత 1.18లోని ఆ 0.18. గంధకామ్లంతో (98 శాతం, 1.84, అంటే 18.4 మోలార్) ఇదే పొరపాటు చేస్తే ఫలితం దాదాపు రెట్టింపు దాకా పోతుంది.

అదే లేబుల్ నుంచి మొలాలిటీ కూడా వస్తుంది. లీటరులో ఆమ్లం పోగా నీళ్లు 1180 − 424.8 = 755.2 గ్రా. 11.65 ÷ 0.7552 = 15.4. పోటీ పరీక్షల కోసం బట్టీ పట్టే పెద్ద సూత్రం ఈ రెండు వరుసలే. లీటరు ద్రావణం ఊహించుకుని, బరువు కట్టి, ద్రావితం తీసేస్తే మిగిలేది ద్రావణి.

పని చేసేటప్పుడు: ఫ్యూమ్ కప్‌బోర్డులో, కళ్లద్దాలు, గ్లవ్స్ పెట్టుకుని, ముందు బీకరులో 300 మి.లీ. నీళ్లు తీసుకుని అందులోకి ఆమ్లాన్ని కొద్దికొద్దిగా కలపాలి. నీళ్లలోకే ఆమ్లం, ఆమ్లంలోకి నీళ్లు కాదు. గంధకామ్లంతో ఇది ప్రాణం మీదికి తెచ్చే విషయం: ఆమ్లం మీద పోసిన కాసిన్ని నీళ్లు అక్కడికక్కడే మరిగి ఆమ్లాన్ని ముఖం మీదికి చిమ్ముతాయి. గది ఉష్ణోగ్రతకు చల్లారాకే 500 మి.లీ. ఫ్లాస్కులోకి మార్చి గీత దాకా నింపండి.

లేబుల్ మీద 35 నుంచి 38 శాతం అని పరిధి రాసి ఉండడం మామూలే. ఆ రెండు చివరలకూ మొలారిటీ 11.3, 12.3. ఇలా చేసిన ద్రావణం మీద "0.5000" అని రాయడం అబద్ధమే అవుతుంది. "సుమారు 0.5" అని రాసి, ఆరబెట్టిన నిర్జల సోడియం కార్బొనేటుతో టైట్రేట్ చేసి అసలు విలువ రాయండి. అమోనియా సీసా అయితే (25 శాతం, 0.91, అంటే 13.4 మోలార్) చెన్నై ఎండల్లో లోపల ఒత్తిడి పెరిగి ఉంటుంది, ఐసు నీళ్లలో కాసేపు ఉంచి తీయండి.

పలచన

నీళ్లు పోస్తే ద్రావితం మారదు. ముందూ తర్వాతా మోల్స్ సమానం. ఎం₁వి₁ = ఎం₂వి₂ (ఎం మొలారిటీ, వి ఘనపరిమాణం) అంటే ఇంతే.

0.5 మోలార్ నుంచి 0.05 మోలార్ 250 మి.లీ. కావాలంటే 250 × 0.05 = 12.5 మిల్లీమోల్స్, 12.5 ÷ 0.5 = 25 మి.లీ. 25 మి.లీ. పిపెట్టుతో తీసి 250 మి.లీ. ఫ్లాస్కులో వేసి గీత దాకా నింపడమే. 225 మి.లీ. నీళ్లు కొలిచి పోయకండి. ద్రవాలు కలిసినప్పుడు ఘనపరిమాణాలు కచ్చితంగా కూడవు. 50 మి.లీ. ఇథనాలు, 50 మి.లీ. నీళ్లు కలిపితే 100 రాదు, 96–97 మి.లీ. దగ్గర ఆగుతుంది.

పరీక్షల్లో వచ్చే మెలిక వేరు: "2 మోలార్ ద్రావణం 50 మి.లీ.కి 150 మి.లీ. నీళ్లు కలిపితే?" ఇక్కడ వి₂ అంటే 200, 150 కాదు. జవాబు 0.5 మోలార్. 150 పెట్టినవాళ్లకు 0.67 వస్తుంది, బహుళైచ్ఛిక ప్రశ్నల్లో ఆ 0.67 కూడా ఒక ఆప్షన్‌గా సిద్ధంగా ఉంటుంది. రెండు గాఢతలు కలిపితే సగటు తీయకండి, మోల్స్ కూడండి: 0.5 మోలార్ 100 మి.లీ., 0.1 మోలార్ 400 మి.లీ. కలిస్తే 50 + 40 = 90 మిల్లీమోల్స్, 500 మి.లీ.లో 0.18 మోలార్. సగటు 0.3కు దానికీ సంబంధమే లేదు. (ఈ పలచని ద్రావణాల్లో ఘనపరిమాణాలు కూడతాయని తీసుకోవచ్చు.)

"1:10 పలచన" అంటే కొందరికి ఒక భాగం పది భాగాల మొత్తంలో, ఇంకొందరికి ఒక భాగానికి పది భాగాల నీళ్లు. రెండోది పదకొండో వంతు, మొదటిదానికంటే 9 శాతం తక్కువ. మీ రికార్డులో "10 మి.లీ. తీసి 100 మి.లీ.కి" అని రాయండి, గొడవ ఉండదు.

వరుస పలచన: రాగి ప్రమాణ ద్రావణాలు

కలరీమీటరుకు (రంగు ముదురును బట్టి గాఢత చెప్పే పరికరం) 2, 5, 10 పీపీఎం (పది లక్షల్లో ఎన్ని పాళ్లు) రాగి ద్రావణాలు కావాలి. 2 పీపీఎం అంటే లీటరుకు 2 మిల్లీగ్రాములు. అంత తక్కువ నేరుగా తూయలేం, కాబట్టి పైనుంచి దిగాలి.

లీటరుకు 1 గ్రాము రాగి, అంటే 1000 పీపీఎం నిల్వ ద్రావణానికి మైలుతుత్తం 249.68 ÷ 63.55 = 3.929 గ్రా. అందులోంచి 10 మి.లీ. తీసి 100 మి.లీ.కి నింపితే 100 పీపీఎం. ఈ రెండోదాన్నుంచి 2, 5, 10 మి.లీ. తీసి ఒక్కోదాన్ని 100 మి.లీ.కి నింపితే 2, 5, 10 పీపీఎం. అంకెలు వాటంతటవే సరిపోతాయి, ఫ్లాస్కు 100 మి.లీ. ఎంచుకున్నది అందుకే.

ఒకేసారి 1000 నుంచి 2కి దూకాలంటే 0.2 మి.లీ. కొలవాలి. మామూలు గ్రాడ్యుయేటెడ్ పిపెట్టులో ఒక చుక్క తేడా, అంటే సుమారు 0.05 మి.లీ., అక్కడ 25 శాతం తప్పు. 10 మి.లీ. "క్లాస్ ఎ" (ఎక్కువ కచ్చితమైన రకం) పిపెట్టులో అనుమతించే తేడా 0.02 మి.లీ. మాత్రమే, అంటే 0.2 శాతం. రెండు మెట్లు దిగడం ఆలస్యంలా అనిపిస్తుంది గానీ కచ్చితత్వం అక్కడే ఉంది. పిపెట్టు కొనను గోడకు ఆనించి దానంతట అదే కారనివ్వండి. చివరి చుక్క ఊదకండి, దాన్ని లోపలే వదిలేసేలా గీత పెట్టి ఉంటుంది. నోటితో పీల్చడం అసలే వద్దు, రబ్బరు బల్బు వాడండి.

పలచన గుణకాలు గుణించుకోవాలి, కూడకూడదు. పదేసి రెట్లు మూడుసార్లు చేస్తే వెయ్యి రెట్లు, ముప్పై కాదు.

టైట్రేషన్‌లో ఆ సూత్రం మోసం చేస్తుంది

ఎం₁వి₁ = ఎం₂వి₂ పలచనకు పుట్టిన సూత్రం. టైట్రేషన్‌లో రెండు వేర్వేరు పదార్థాలుంటాయి, వాటి మధ్య నిష్పత్తి సమీకరణం చెబుతుంది. 0.1005 మోలార్ ఆక్సాలిక్ ఆమ్లం 10 మి.లీ.కి హైడ్రాక్సైడు 20.6 మి.లీ. పట్టిందనుకోండి. ఆమ్లం 1.005 మిల్లీమోల్స్, ఒక్కోదానికి హైడ్రాక్సైడు రెండు కావాలి, కాబట్టి 2.010 మిల్లీమోల్స్. 20.6తో భాగిస్తే 0.0976 మోలార్. నిష్పత్తి మరిచి సూత్రంలో పెట్టినవాళ్లకు సరిగ్గా సగం, 0.0488 వస్తుంది. నార్మాలిటీతో అయితే ఆ రెండు ముందే లోపల కలిసిపోయి ఉంటుంది, అందుకే ఎన్₁వి₁ = ఎన్₂వి₂ టైట్రేషన్‌కూ పనిచేస్తుంది.

వెనక్కి లెక్కేసేటప్పుడు పలచనను మరవకండి. వెనిగర్ 10 మి.లీ. తీసి 100కి పలచన చేసి, అందులో 20 మి.లీ.కి 0.1 మోలార్ క్షారం 17.2 మి.లీ. పడితే పలచని వెనిగర్ 0.086 మోలార్. అసలుది పది రెట్లు, 0.86 మోలార్. 60.05తో గుణిస్తే లీటరుకు 51.6 గ్రా., అంటే 5 శాతం పైచిలుకు. పది మరిచిపోతే అర శాతం వస్తుంది. దుకాణంలో కొన్న వెనిగర్ అర శాతం ఉండదని తెలిసినవాళ్లకు తప్పు అక్కడే దొరికిపోతుంది. జవాబు రాగానే ఇలాంటి నమ్మకం పరీక్ష ఒకటి పెట్టండి.

ఉష్ణోగ్రత

ఫ్లాస్కు మీద చిన్న అక్షరాల్లో 20° అనో 27° అనో ఉంటుంది. గీత ఆ ఉష్ణోగ్రతకే సరైనది. నీటి సాంద్రత 25° దగ్గర 0.9970, 35° దగ్గర 0.9940. ఏసీ గదిలో 25° వద్ద 0.1000 మోలార్‌గా చేసిన ద్రావణం మే నెలలో ఏసీ లేని చెన్నై ల్యాబులో 35°కి చేరితే వ్యాకోచించి 0.0997 అవుతుంది. మొదటి సంవత్సరం ప్రయోగాలకు ఇది పెద్ద తేడా కాదు. నాలుగో దశాంశం దాకా రిపోర్టు చేసేవాళ్లకు మాత్రం ముఖ్యమే.

ఇంటి నీళ్లు: పీపీఎం లెక్కలు

పలచని నీటి ద్రావణాల్లో పీపీఎం అంటే లీటరుకు మిల్లీగ్రాములని తీసుకోవచ్చు. తాగునీటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500:2012 టీడీఎస్‌కు (నీటిలో కరిగిన మొత్తం ఘనపదార్థాలు) లీటరుకు 500 మి.గ్రా.ను ఆమోదయోగ్యంగా, వేరే నీళ్లు లేనప్పుడు 2000ను గరిష్ఠ పరిమితిగా పెట్టింది. కాఠిన్యానికి 200, 600. ఈ కాఠిన్యం కాల్షియం కార్బొనేటుగా లెక్కేసినది. 300 అని రిపోర్టులో ఉంటే కాల్షియం 300 మి.గ్రా. అని కాదు. 300 ÷ 100.09 = లీటరుకు 3 మిల్లీమోల్స్, అదంతా కాల్షియమే అయినా 120 మి.గ్రా.యే. ఈ నీళ్లు 50 మి.లీ. తీసుకుంటే 0.01 మోలార్ ఈడీటీఏ (కాల్షియం, మెగ్నీషియంలను ఒకటికి ఒకటిగా పట్టుకునే రసాయనం) 15 మి.లీ. పడుతుంది. మీ రీడింగు ఆ దరిదాపుల్లో లేకపోతే పలచన గుణకమో, ఈడీటీఏ గాఢతో తప్పి ఉంటుంది.

సముద్రతీరం బోర్లలో ఉప్పునీరు చొరబడితే ఏమవుతుందో ఇదే లెక్క చెబుతుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35,000 మి.గ్రా. లవణాలు. 300 టీడీఎస్ ఉన్న మంచి బోరు నీటిలో నూటికి రెండు పాళ్లు సముద్రం కలిస్తే: 0.98 × 300 + 0.02 × 35,000 = 994. రెండు పాళ్లతోనే మంచినీళ్లు పోయి ఉప్పునీళ్లు. కందలేరు నుంచి కాలువలో పూండి దాకా కృష్ణ నీళ్లు, మీంజూరు, నెమ్మెలి దగ్గర సముద్రపు నీటి శుద్ధి కేంద్రాలు చెన్నైకి ఎందుకు కావలసి వచ్చాయో అర్థం కావడానికి ఈ ఒక్క వరుస కొంత సాయం చేస్తుంది.

కలపడం లెక్క ఇంట్లోనూ పనికొస్తుంది. ఆర్వో నీళ్లు 40, బోరు 1200 టీడీఎస్ ఉన్నాయి. 20 లీటర్ల క్యాన్‌లో 200 కావాలి. బోరు నీళ్లు ఎన్ని లీటర్లో అది "బో" అనుకుంటే: 40 × (20 − బో) + 1200 × బో = 200 × 20. అంటే 800 + 1160 బో = 4000, బో = 2.76 లీటర్లు. అయితే టీడీఎస్ మీటరు కొలిచేది విద్యుద్వాహకతను, దాన్ని గుణకంతో మార్చి చూపిస్తుంది. క్రిములు, ఫ్లోరైడు, నైట్రేటు ఉన్నాయా లేదా అన్నది అది చెప్పదు. బోరు నీళ్లు తాగడానికి కలిపేముందు పరీక్ష చేయించాల్సిందే.

సంపులో క్లోరిన్ వేయడానికి: 10,000 లీటర్ల సంపు, లీటరుకు 2 మి.గ్రా. మోతాదు అంటే 20,000 మి.గ్రా., 20 గ్రా. క్లోరిన్. 5 శాతం, అంటే లీటరుకు 50 గ్రా. క్లోరిన్ ఇచ్చే హైపోక్లోరైట్ ద్రావణమైతే 20 ÷ 50 = 0.4 లీటరు, 400 మి.లీ. 30 శాతం క్లోరిన్ ఇచ్చే బ్లీచింగ్ పౌడరైతే 20 ÷ 0.30 = 67 గ్రా., బకెట్ నీళ్లలో కలిపి తేరనిచ్చి పై నీళ్లు మాత్రమే పోయాలి. దీన్ని టాయిలెట్ క్లీనర్ లాంటి ఏ ఆమ్లంతోనూ కలపకూడదు, క్లోరిన్ వాయువు వెలువడుతుంది. ఎండకు, వేడికి సీసాలోని హైపోక్లోరైట్ బలం నెల నెలకూ తగ్గుతుంది కాబట్టి లేబుల్ మీది 5ను నమ్మి వదిలేయకుండా, అరగంట తర్వాత క్లోరిన్ కిట్‌తో నీళ్లు చూడండి. లీటరుకు కనీసం 0.2 మి.గ్రా. క్లోరిన్ మిగిలి ఉండాలి. తక్కువ వస్తే సీసాలో మిగిలిన బలం సగమని పెట్టుకుని అదే లెక్క మళ్లీ కట్టి, తేడా ఉన్నంత మాత్రమే వేయండి.